క్యాసెట్టులో లేని ముక్క

"మూడో పాట ముగింపుకాడ రవ్వంతసేపు ఆపుతావు సూడు సార్, ఆడ నాకు పానం లేసొచ్చినట్లయితాది," అన్నాడు వచ్చినవాడు. మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేస్తూ ఆ ముక్కను సన్నగా పాడి చూపించాడు కూడా.

గిటారు తీగ బిగిస్తున్న సత్యానందం చెయ్యి ఆగిపోయింది. తను వాయించిన క్యాసెట్టులో అక్కడ ఆపలేదు. ఈమధ్యే ఆపుతున్నాడు. అదీ ఒక్కచోటే, సాయంత్రాలు పెద్దాయన చీనీతోటలో, బత్తాయి చెట్ల కింద.

పెద్దాయన అంటే ఆ ఊరికీ, వేముల చుట్టుపక్కల ఊళ్లలో సగానికీ పెద్దాయన. మిగతా సగం ఎదుటి పార్టీది. తోట గేటు దగ్గర తుపాకీ మనుషులుంటారు. కాకి వాలాలన్నా పేరు చెప్పుకోవాలి. అలాంటిచోట వాయించిన పాట ఈ కొత్తమనిషి చెవిన ఎట్లా పడింది?

"యా ఊరన్నావప్పా?"

"పొద్దుటూరు సార్. క్యాసెట్ల అంగడి. నా పేరు సుబ్బన్న. నీ క్యాసెట్లు ఇంగ కొన్ని గావాల."

వాకిలి చాటు నుంచి దేవకుమారి కళ్లతోనే మొగుణ్ణి లోపలికి పిలిచింది.

"ఏమయ్యా, ఆయప్ప పంచె సూసినావా? అంచంతా పల్లేరుగాయలే. పొద్దుటూరు బజార్లో పల్లేరుగాయలు యాడ మొలిసినాయి? మజ్జిగిస్తే ముట్టలేదు. మన సేతి మజ్జిగ పనికిరాదేమో ఆయప్పకు!"

"మెల్లగా మాట్లాడే."

"కొత్తోనితో టీ తాగినాడని పోయినేడు పాలు పోసే ఆయప్ప కాళ్లు ఇరగ్గొట్టిరి పెద్దాయన మనుషులు. నీకు సేతులు ఇరగ్గొడితే ఏంది వాయిస్తావు? మాటలు సాలించి పంపీ."

సత్యానందం తన వేళ్లవైపు చూసుకున్నాడు. చర్చిలోనైనా, తోటలోనైనా ఆ ఇంటికి కూడు పెట్టేవి ఆ వేళ్లే. పెళ్లాం మాటలో అబద్ధం లేదు. పొగిడేవాడి నోరు కాదు, చెయ్యి చూడమన్నారు పెద్దలు. సుబ్బన్న చేతులు చూస్తే క్యాసెట్లు అమ్మే చేతుల్లా లేవు, ముళ్లు గీరుకుపోయి ఉన్నాయి.

సత్యానందం తిరిగొచ్చి కూర్చుని గోడమీద పటం కట్టించిన పేపరు ముక్క చూపించాడు. "మద్రాసోళ్లు ఏం రాసినారో తెలుసునా నీకు?"

"సదివిచ్చుకున్నా సార్. జాజ్ వాయిచ్చేటోళ్లు శానామంది తీగల మీద ఉరుకుతారంట, నువ్వు నడుస్తావంట. నీ నేర్పు సూపియ్యవంట, పాటను సూపిస్తావంట. నిజమే రాసినారు. ఒగటే తప్పు."

"ఏంది?"

"ఆ గుణం క్యాసెట్టులో ఉందన్నారు. అప్పుడు సందు లేకుండా స్వరాలు కుక్కినావు. ఇప్పుడు ఎడం ఇడుస్తాండావు. ఆ ఎడంలో ఇనేటోడు వాని కష్టం వాడు తలుసుకుంటాడు."

ఎడం ఇవ్వడం నేర్చుకోవడానికి సత్యానందానికి సగం బతుకు పట్టింది. పెద్దాయన రోజూ వింటాడే గానీ ఇదీ అని ఒక్కమాట అనడు. ఆఖరి స్వరం ఆగిందో లేదో లేచి, మనుషుల మధ్యన లోపలికి పోతాడు. కడుపు నిండే పొగడ్త దొరికింది, తీరా చూస్తే ఎవడిదో తెలియదు. సంతోషమూ భయమూ ఒక్కసారే వచ్చి మనిషిని ఉక్కిరిబిక్కిరి చేశాయి.

"ఇప్పుడు నేను వాయిచ్చేది నువ్వు యాడ ఇన్నావప్పా?"

సుబ్బన్న తల తిప్పాడు. వీధివైపు చూశాడు. పొద్దు వాలుతోంది.

"నన్ను తోటకు తీసకపొయ్యే జీపు వచ్చే యాళయింది. నువ్వెవరో సెప్పకపోతే వాళ్లతో నేను సెప్పాల్సొస్తాది."

"అమ్మా, ఆ మజ్జిగ ఇట్ల తే," అన్నాడు సుబ్బన్న.

దేవకుమారి మూతి ముడుచుకునే తెచ్చింది.

"ఉప్పేసినావా?"

"యేసినా."

చెంబెత్తి అడుగు చుక్కదాకా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "ఇందాక వద్దన్నది కులం సూసి గాదు తల్లీ. ఉప్పు తిన్న ఇంటికి కీడు సెయ్యగూడదు. నేను సెప్పేమాట ఇనకపోతే నీ మొగుని సేతులు ఇరగ్గొట్టి పోదామనే వచ్చినా. ఆ సేతులు సూసినంక మనసొప్పలేదు. ఇంగ నాకు అడుక్కొనేదే దావ."

దేవకుమారి మొగుడి చేతులకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏం అడుగుతావు?" అన్నాడు సత్యానందం.

"తోట ఎనక కాలవ గట్టుంది గదా సార్. మా పార్టీవోళ్లు పంపిస్తే ఆ కంపల్లో శానా దినాలుగా పండుకోనుండా. మీ పెద్దాయన కుర్చీలో కూచుంటే గురికి బాగా దొరుకుతాడు. తుపాకి ఎత్తుతా. అంతలోకే నువ్వు పాట ఎత్తుకుంటావు. ఈ పాట అయిపోనీలే అనుకుంటా. అయిపొయ్యేతలికి ఆయప్ప లోపలికి పోయింటాడు. దినామూ ఇదే కత. నేను పెద్దాయనకు అమ్ముడుబోయినానని మావోళ్లు నా పెండ్లాంబిడ్డల్ని తీసకపోయి పెట్టుకున్నారు. ఈ పొద్దే ఆఖరన్నారు."

వీధి మలుపులో జీపు హారన్ మోగింది. సుబ్బన్న లేచి, సత్యానందం రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఈ పొద్దొక్కనాడు సెడగొట్టి వాయిచ్చు సామీ!"