వెనక బెంచీ గొంతు

"ఆ గొంతేది? ఆరింటికల్లా ఆ గొంతు స్టేజ్ మీదుండాలి. లేదంటే మీ పాట తీసేస్తాను."

ఓక్లాండ్ క్రిస్మస్ కచేరీ డైరెక్టర్ చరచరా వెళ్ళిపోయింది.

ఫ్రీమాంట్ తెలుగు చర్చి క్వాయర్ పదహారుమందీ కొయ్యబారిపోయారు.

అంత పెద్ద వేదిక మీద తెలుగు పాట. క్వాయర్ లీడర్ మణిది ఇరవయ్యేళ్ళ కల. ఈస్టర్ రోజు రికార్డింగ్ విని పిలిచారు. అదే పాట ఇవాళ రిహార్సల్‌లో చప్పగా తేలిపోయింది.

సౌండ్ చూసే కెన్నీ పాత రికార్డింగ్ మళ్ళీ పెట్టాడు.

పదహారు గొంతుల పైన ఇంకో గొంతు!

"షారన్, నువ్వా?" క్వాయర్‌లో పాడే అమ్మాయిని అడిగాడు కెన్నీ.

"నాకంత సీన్ లేదు. వెనక బెంచీ గ్రాండ్మా! గుర్తుందా మణి అంకుల్?"

గుర్తుంది. మణికి బాగానే గుర్తుంది.

తమకు హాలు అద్దెకిచ్చే అమెరికన్ చర్చికి ఉదయం ఆరాధనకి వచ్చేదావిడ. తనవాళ్ళంతా వెళ్ళిపోయినా మధ్యాహ్నం తెలుగు ఆరాధన దాకా ఉండిపోయేది. తెలుగు ముక్క రాదు. 'ఆ...' అంటూ గొంతు కలిపేది.

"ఎందుకు మానేసిందో!" అంది షారన్. "ఎవరో ఏదో అనుంటారు. దొరకనీ, వాళ్ళ పని చెప్తా."

మణి షూ లేసు కట్టుకోవడానికి వంగాడు. అది కట్టే ఉంది.

ఆ అమెరికన్ చర్చికి ఫోన్ చేస్తే, కొన్ని నెలలుగా అక్కడికీ రావట్లేదంటూ ఆవిడ అడ్రస్ ఇచ్చారు. దగ్గర్లోని హేవర్డ్. కెన్నీ కారుని పరుగులు పెట్టించాడు.

"అపస్వరంలా లేదూ?" వెనక సీట్లోంచి మెల్లగా అడిగాడు మణి. "మనమంతా ఒక వరసలో వెళ్తుంటే ఆవిడది వేరే దారి."

"అపస్వరమా!" అన్నాడు కెన్నీ. "అది హార్మనీ అంకుల్, వేరే వరసలో పాడి కలపడం. మన చర్చిల్లో అందరం ఒకే వరస పాడతాం కదా, మన చెవికి అలవాటు లేదంతే."

కారు ఆ అడ్రస్ ముందు ఆగింది.

తలుపు తీసినావిడకి యాభై ఏళ్ళుంటాయి. వెనక అన్నీ అట్టపెట్టెలు. తెలుగు చర్చి నుంచి వచ్చామని, గ్రాండ్మాని కలవాలని చెప్పింది షారన్.

"అమ్మ శుక్రవారం చనిపోయింది."

షారన్ మెట్ల మీదే కూలబడింది.

ఒక పెట్టె మీద పాత రికార్డు. అట్ట మీద వెండి గౌనులో, చెయ్యెత్తి నవ్వుతున్న పడుచు. కెన్నీ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఒడెస్సా క్రేన్! ఈవిడ డిస్కో పాటలకి దేశమంతా ఊగింది అంకుల్. ఎప్పుడో పోయిందనుకున్నారందరూ."

"గొంతుకి ఆపరేషనయ్యాక ఇక పాడటం కుదరదన్నారు డాక్టర్లు" అంది కూతురు. "ఇరవై రెండేళ్ళు పాటకి నోరు విప్పలేదు. మీ దగ్గరే మళ్ళీ మొదలుపెట్టింది. 'వాళ్ళకి నేనెవరో తెలీదు, గొంతు జీరపోయినా జాలిపడరు' అనేది. ఆదివారం కోసమే బతికింది."

మణి అట్ట మీది పేరు చదివాడు.

"జూన్‌లో ఎవరో పాడొద్దన్నారట. అప్పట్నుంచి తిండి కూడా సరిగా ముట్టలేదు. ఎవరమ్మా అంటే 'పాపం, మంచి అబ్బాయే, వదిలెయ్' అంది. పేరు మాత్రం చెప్పలేదు."

కెన్నీ ఫోన్ మోగింది. డైరెక్టర్. ఎవరూ ఎత్తలేదు.

"పాడొద్దన్నదెవరో మీకు తెలుసా?" అడిగిందావిడ.

"ఒడెస్సా క్రేన్‌ని పాడొద్దన్నది నేనే" అన్నాడు మణి.