ఉప్పమ్మే ఎల్లక్క

ప్రార్థన మధ్యలో పాస్టర్ మొండయ్య కళ్లు తెరిచాడు.

చెన్నూరు చర్చి వరండాలో ఎవరో బిలబిలమంటూ వచ్చి కూర్చున్నారు.

గోండులు. గుట్ట మీది గూడెం వాళ్లు. ఆడా మగా, చంకల్లో పిల్లలు. వాళ్లకు ముందర ఒక ఆడమనిషి, ఆమె పక్కన ఉప్పు గంప.

మొండయ్య ఆమేన్ చెప్పడం మరిచిపోయాడు.

ఆ గూడేనికి ఆయన పోని ఏడాది లేదు. పోలీసు యాక్షన్ అయిన కొత్తలో, నూనూగు మీసాల వయసులో మొదటిసారి పోయాడు. జనం తలుపులు వేసుకున్నారు. దడి వెనుక ఒక్క పిల్ల మాత్రం నిలబడి చూసింది. కుక్క మొరిగేసరికి అదీ పారిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ అంతే. గూడెం మొదట్లో చింతచెట్టు కింద నిలబడి గొంతు పోయేలా చెప్పేవాడు. ఇంటి నుంచి కట్టుకుపోయిన రొట్టె తిని, తన సీసాలో నీళ్లు తాగి తిరిగి వచ్చేవాడు. అడవి నీళ్లు తాగితే చలిజ్వరమని అందరికీ చెప్పేవాడు. తనకూ అదే చెప్పుకునేవాడు.

"దేవా, గా గూడెంల ఒక్కరిని, ఒక్కరంటే ఒక్కరిని నాకియ్యి." ఇది ఆయన రోజూ చేసే ప్రార్థన.

ఇప్పుడు గూడెమంతా దిగి వచ్చింది. ఎవరి వెంట? ఉప్పమ్ముకునేదాని వెంట!

ఆ రోజు ప్రసంగం యోనా మీద. అబ్రాహాముకు మాటిచ్చిన నాటి నుంచీ దేవుడు భూమ్మీది జాతులన్నిటినీ తనవే అనుకున్నాడనీ, అది మింగుడుపడక, తాను బోధించిన పరాయి పట్నం నీనెవె బాగుపడితే యోనా మూతి ముడుచుకున్నాడనీ చెప్పి మొండయ్య యోనాను బాగానే తిట్టాడు. తిడుతున్నంతసేపూ ఆయన చూపు ఉప్పు గంప మీదే ఉంది.

ఆరాధన అయ్యాక ఆమెను పిలిచాడు.

"పేరేంది?"

"ఎల్లక్క, అయ్యా."

"చదువొచ్చునా?"

"రాదయ్యా."

"మరి వాళ్లకేం చెప్తున్నవ్?"

"నాకెరుకున్నంత. ఉప్పు కొలిచిపోస్త, ఇప్పపువ్వు తీసుకుంట. ఇంత జొన్న గట్క పెడితే తింట. తినుకుంట చెప్త."

"వాళ్లింట్ల తింటవా?"

"తినకుంటే ఎట్లయ్యా? వాళ్లు మనల నమ్మద్దా?"

మొండయ్యకు చురుక్కుమంది.

"నీకెవరు చెప్పిండ్రు గీ మాటలు? ఏ ఊరు నీది?"

"నేను చిన్నగున్నప్పుడు, అయ్యా..."

"సరే సరే. ఇగ నీ బోధ బంద్ చెయ్యి. గా గూడెం నాది. నేనుండంగ నువ్వెవ్వతివి?"

ఎల్లక్క తల దించుకుంది. మెల్లగా అడిగింది.

"నువ్వొస్తవా అయ్యా, గూడేనికి?"

"వస్త."

"గట్లయితే నాకేం ఫికర్ లేదు. జర జల్ది రా."

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. గూడెం వాళ్లూ ఆమె వెనకే లేచారు.

ఇంట్లో బాలవ్వ అన్నం వడ్డిస్తూ మొగుణ్ని చూసి నవ్వింది.

"ఇన్నేండ్ల సంది ఏడ్చుకుంట అడిగితివి. వచ్చిండ్రు గదా, మొకం గట్ల పెట్టినవేంది?"

"వచ్చిండ్రు. నా వెంట వచ్చిండ్రా?"

"దేవుని కోసం వచ్చిండ్రు. గది చాలదా?"

చాలలేదు. మొండయ్య కంచం నెట్టేసి లేచాడు.

వస్తానన్నవాడు పోలేదు. వాళ్లే వచ్చి పిలవాలని పంతం. మళ్లీ వరండాలో ఎవరూ కూర్చోలేదు. అది చూసి లోలోపల హాయిగా కూడా అనిపించింది. ఇంతలో వానలు పడి వాగులు నిండాయి. ఇక పోకపోవడానికి మంచి సాకు దొరికింది.

వానలు తగ్గాక గూడెం పటేల్ ఒక్కడే వచ్చాడు.

"ఎల్లక్క పోయింది, అయ్యా. మా పిల్లలకు చలిజ్వరమొస్తే వాగు దాటి వచ్చింది. పిల్లలు బతికిండ్రు. ఆమెకు పట్టిన జ్వరం ఇడువలే."

"వచ్చినప్పుడు... మళ్ల బోధ చేసిందా?"

మనిషి పోయిందన్నా ఆయన అసూయ పోలేదు.

"లేదయ్యా. నువ్వు వద్దన్నవట గదా. మందు పోసింది, గంజి తాపింది. ఎంత అడిగినా దేవుని మాట ఎత్తలే. 'అయ్య వస్తనన్నడు, వస్తడు, బాప్తిస్మం గూడ ఆయన చేతులతోనే తీసుకోండ్రి' అన్నది."

మొండయ్య ఆ పూటే బయల్దేరాడు. రొట్టె కట్టుకోలేదు. సీసా తీసుకోలేదు.

గూడెంలో ఒక్క తలుపూ మూసి లేదు. పటేల్ భార్య సొరకాయ బుర్రతో నీళ్లిచ్చింది. తాగాడు. గట్క పెట్టింది. తిన్నాడు. తర్వాత పటేల్ ఆయన్ను దడి పక్కనున్న పచ్చి సమాధి దగ్గరికి తీసుకుపోయాడు.

"గీడ పెట్టిండ్రేంది? ఆమె ఊరికి తీసుకపోలేదా?"

పటేల్ వింతగా చూశాడు.

"ఆమె పుట్టిన ఊరు గిదే. మంథని ఉప్పు బేరగాన్ని చేసుకొని దిగిపోయింది. మొగడు సచ్చినంక గదే గంప ఎత్తుకొని ఉప్పమ్ముకుంట మా దగ్గరికి మళ్ల రావట్టింది. నీకెరుక లేదా?"

తెలుసుకోవడానికి ఆమెను చెప్పనిస్తే కదా! మొండయ్య సమాధి వైపే చూస్తూ అడిగాడు.

"మరి దేవుని మాట ఆమెకెవరు చెప్పిండ్రు?"

పటేల్ చింతచెట్టు వైపు చెయ్యి చూపించాడు.

"ఇంకెవరు? నువ్వే. మొదటిసారి నువ్వొచ్చి గా చెట్టు కింద చెప్తుంటే మేమందరం తలుపులేసుకున్నం గదా అయ్యా, అప్పుడు దడి వెనుక నిలబడి విన్న పిల్ల మా ఎల్లక్కనే."