పునాది లోతు

“ఇంకొక్క అడుగు తవ్విపియ్యి సారూ, నీ కాళ్లు మొక్కుతా.”

గుంత అంచున బస్తీలో ఉండే శ్యామలమ్మను చూడగానే రఘునాథ్‌కు తలప్రాణం తోకకొచ్చింది. మెట్టుగూడలో మురుగునీరు పారే నాలా మీద నడక వంతెన కట్టడానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు అతను. పాతది నాలుగేళ్ల కిందటి వరదకు కూలిపోయింది. అప్పట్నుంచి బస్తీ జనం బస్టాపుకు వెళ్లాలంటే రెండు కిలోమీటర్లు చుట్టు తిరగాల్సిందే. పని తొందరగా చేద్దామా అంటే, అదేం నేలో గానీ ఎంత తవ్వినా బురదే, గుడ్డపీలికలే. పన్నెండు అడుగుల్లో రాయి తగులుతుందనుకుంటే పదిహేను దాటినా జాడ లేదు.

దానికి తోడు ఈవిడొకతె! పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. జేసీబీ తీసి పోసిన బురదను చేత్తో పిసికి మరీ చూస్తుంది.

“ఇయ్యాల ఏమెల్లింది సారూ?”

“ఏముంటుందమ్మా, మళ్లీ బురదే.”

“అయితే ఆపకు. జెర లోతుకు పో.”

మేస్త్రీ యేసుదాసు పకపకా నవ్వాడు. “మన పెద్ద సార్లకన్నా ఈమెకే పునాది ఫికరెక్కువ సార్!”

రఘునాథ్ కూడా నవ్వి, “మీవాళ్లెవరైనా రోజూ అవతలికి వెళ్లాలా అమ్మా?” అని అడిగాడు.

“నాకెవ్వలున్నరు సారూ” అందామె, బురద మీంచి చూపు తిప్పకుండానే.

తనకెవరూ లేకపోయినా బస్తీ జనం కోసం ఇంత ఆరాటమా! రఘునాథ్‌కు ముచ్చటేసింది. మర్నాటి నుంచి విసుక్కోవడం మానేసి, ఆమెకో కుర్చీ వేయించాడు.

పద్దెనిమిదో అడుగున జేసీబీ ఖంగుమంది. కూలీలు ఈలలు వేశారు. రఘునాథ్ స్వయంగా గుంతలోకి దిగి, సుత్తితో కొట్టి చూసి, ఒళ్లంతా బురదతో పరుగున పైకొచ్చాడు.

“అమ్మా, బండ దొరికింది! రేపే కాంక్రీటు.”

శ్యామలమ్మ ముఖం పాలిపోయింది.

“ఇంక తవ్వరా?”

“ఎందుకమ్మా? కిందంతా రాయే.”

“గా పక్కకు జెరంత...”

“అటు కదిలిస్తే గట్టు విరిగి మనవాళ్ల మీద పడుతుంది.”

“మరి కాంక్రీటు పోసినంక మల్ల తియ్యొచ్చా?”

“అయ్యో, ఎలా తీస్తాం? మీరు కోరినట్టే వందేళ్లు కదలదు!”

ఆమె అక్కడే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. కడుపులోంచి తన్నుకొచ్చిన ఆ ఏడుపుకు జేసీబీ డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. ఏం తప్పు మాట్లాడాడో రఘునాథ్‌కు అర్థం కాలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“వంతెన గట్టిగా ఉంటుందమ్మా, నాది పూచీ. ఇంకెందుకు ఏడుస్తున్నారు?”

శ్యామలమ్మ గుంతలోకే చూస్తూ చెప్పింది.

“పాత బ్రిడ్జితోని కొట్టుకపోయిన నా కొడుకు ఇంకా దొరకలే సారూ.”