వెనక గేటు

బంగార్రాజు కొట్టిన లెంపకాయకి ముసలాయన కళ్ళజోడు ఎగిరి కంకర మీద పడింది.

"టికెట్ లేనోడివి, నాకే నీతులు చెప్తన్నావేటి?"

"నేను ఆట చూడ్డానికి రాలేదు బాబూ. ఈ గేటుకి తాళం మాత్రం వేయకండి."

బిలాస్‌పూర్ రైల్వే గ్రౌండులో ఆ రోజు ఫుట్‌బాల్ ఫైనల్. అది ఎనభై ఏడు. లోకో షెడ్డు జట్టు తొలిసారి ఫైనల్‌కి వచ్చింది.

గేట్ల దగ్గర డ్యూటీ టీసీలది. రైల్లో టికెట్ లేనివాణ్ణి ఎలా చూస్తారో, ఇక్కడా అలాగే చూస్తున్నారు.

సెమీఫైనల్ రోజు వెనక గేటులోంచి సగం ఊరు ఉత్తినే వచ్చేసిందని టోర్నమెంట్ సెక్రటరీ తిరుమలరావు అందరి ముందూ టీసీ బంగార్రాజుని చెడామడా తిట్టాడు. ఆ మంట టీసీగారికి ఇంకా చల్లారలేదు.

"లోపల ఇసకేస్తే రాలని జనం. ఇంకెవడూ రాకూడదు, అంతే!"

"అందుకే చెబుతున్నా. వచ్చినవాళ్ళంతా క్షేమంగా ఇంటికి చేరితేనే కదా ఆట బాగా జరిగినట్టు? ఒక్కసారి సెక్రటరీ గారితో మాట్లాడనివ్వండి."

"అచ్ఛా! మా పెద్దాఫీసరు డీఆరెమ్ గారితో కూడా మాట్లాడతావా?"

కడుపులో ఒక్క తన్ను తన్నాడు. ముసలాయన గేటు పక్కనే కంకర మీద ముడుచుకుపోయాడు.

బంగార్రాజు ఊచల గేటుకి బయటి నుంచి తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకుని, చుట్టూ తిరిగి ముందు గేటులోంచి వేదిక దగ్గరికి వెళ్ళిపోయాడు.

అక్కడ తిరుమలరావు పూలదండ పట్టుకుని చిందులేస్తున్నాడు.

"ముఖ్య అతిథి వాల్తేరు బండి దిగాడట. ఇంకా రాడేంటయ్యా!"

బల్ల మీద రవిచంద్ర స్మారక షీల్డు తళతళలాడుతోంది. ఆ రవిచంద్ర ఎవరో బంగార్రాజుకి తెలీదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు.

ఆట ఆఖర్లో రెఫరీ లోకో షెడ్డు మీద పెనాల్టీ ఇచ్చాడు. గోలు పడింది.

మొదటి ఇటుక రెఫరీ నుదురు చీల్చింది.

తర్వాత సోడా సీసాలు. తర్వాత లాఠీలు. కొట్టుకోడానికి కర్రలు చాలక కుర్రాళ్ళు వెదురు గ్యాలరీ కిందనుంచే కర్రలు లాగారు. మనుషులతో సహా గ్యాలరీ కూలింది.

జనం అరుస్తూ, ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటూ వెనక గేటు వైపు పడ్డారు.

బంగార్రాజు గిరుక్కున అటు తిరిగాడు. ఆడవాళ్ళ గ్యాలరీ ఆ గేటు పక్కనే. ఫ్రీ పాసు తెచ్చి భార్య కనకాన్ని అక్కడ కూర్చోబెట్టింది తనే.

"కనకం!"

తాళంచెవి పిడికిట్లో బిగించి జనంలోకి దూకాడు. మోచేతి మీద లాఠీ దెబ్బ పడింది. తాళంచెవి జారి కాళ్ళ కింద మాయమైంది. వాడు ఆగలేదు. ఎవరి చెయ్యో, ఎవరి వీపో చూడకుండా తొక్కుకుంటూ పోయాడు.

గేటు బార్లా తెరిచి ఉంది!

కనకం బయట కంకర మీద కూర్చుని ఉంది. ఒళ్ళంతా గీతలు, నెత్తురు. కానీ ప్రాణంతో ఉంది.

"పడిపోనానండీ. నా మీద్నుంచి తొక్కీసినారు. ఎవరో ముసలాయన రాయెట్టి తాళం బద్దలుకొట్టి, లోపలికొచ్చి నన్ను ఇవతలకి ఈడ్చీసినాడు. మళ్ళీ ఎల్లి ఇంకో ఆడమనిషిని లాగినాడు. మళ్ళీ ఎల్లినాడు... ఇంక రానేదు."

గేటు మూల ఆయన వెల్లకిలా పడి ఉన్నాడు. రొమ్ము నిండా బూట్ల గుర్తులు. చెంప మీద వాచిన వేళ్ళ గుర్తులు మాత్రం బంగార్రాజువి.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు.

"కొట్టీసినాన్రా దేవుడా! ఈ చేత్తోనే కొట్టీసినాను!" అని భోరుమన్నాడు.

తిరుమలరావు పరుగెత్తుకొచ్చాడు. దండ ఇంకా చేతిలోనే ఉంది. కింద ఉన్న ముఖం చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఎవరండీ ఈయన?"

"మన ముఖ్య అతిథి బంగార్రాజూ... ఇలాంటి ఫైనల్లోనే, తాళం వేసిన గేటు దగ్గర నలిగి చచ్చిపోయిన రవిచంద్ర ఈయన కొడుకే."