పిచ్చుక పక్క సీటు

బడి తెరిచిన మొదటి రోజే తొమ్మిదో తరగతిలో చిన్న రభస.

"ఇక్కడ కూర్చోవచ్చా?" అంది కొత్తమ్మాయి.

"కుదరదు. మనిషి ఉంది," అంది పిచ్చుక.

బెంచీ మీద మనిషి లేదు. పిచ్చుక సంచి ఉంది.

పిచ్చుక ఆ పిల్ల అసలు పేరు కాదు. పిడికెడంత ఉంటుంది, నోరు మూయదు. అందుకని క్లాసంతా అలా పిలిచేది. ఆ పక్క సీటు ఉరుముది. నవ్విందంటే హెడ్‌మాస్టరు గదిదాకా వినపడేది కాబట్టి ఉరుము. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచీ.

ఇద్దరి నాన్నలూ ఊరికి నీళ్ళిచ్చే పంప్‌హౌస్‌లో ఆపరేటర్లు. మొన్నటి సెలవుల్లో ఉరుము వాళ్ళ నాన్న, దూరాన పనిచేసే ఇంకో ఆపరేటరూ మాట్లాడుకుని, ఒకరి చోటికి ఒకరు బదిలీ చేయించుకున్నారు. ఉరుము వెళ్ళిపోయింది. ఆ ఇంకో ఆపరేటరు కూతురే ఈ కొత్తమ్మాయి. పొడుగ్గా ఉందని గంటలోనే నిచ్చెన అని పేరు పెట్టేశారు.

"దాని ఇల్లు తీసుకుంది చాలదా? సీటు కూడా కావాలట మహారాణికి," అంది పిచ్చుక, వినపడేలాగే. అంటూనే బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

నిచ్చెన కాసేపు చూస్తూ నిలబడింది.

"తను మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని మెల్లగా అడిగింది.

"వచ్చినప్పుడు వస్తుంది. నీకెందుకు?"

నిచ్చెన వెళ్ళి వెనక బెంచీలో ఇద్దరి పక్కన మూడో మనిషిగా ఇరుక్కుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, "నీకొక మాట చెప్పాలి," అంది.

"నాకు చెవులు లేవు," అంది పిచ్చుక.

తొమ్మిదో తరగతిది అటూ ఇటూ కాని బతుకు. ఎనిమిదో తరగతి వాళ్ళతో ఆడితే పరువు పోతుంది. పదో తరగతి వాళ్ళు ఆడి అలిసిపోయాక గానీ గ్రౌండు దొరకదు. కుళాయి దగ్గర కూడా వాళ్ళ తర్వాతే. అలాంటి ఏడాదిని తోడు లేకుండా ఈదడం ఎంత కష్టమో పిచ్చుకకే తెలుసు. నవ్వొచ్చే మాట తట్టగానే పక్కకు తిరిగేది. సంచి కనపడేది. వాన పడితే ఉరుము కావాలి, లెక్క తప్పితే ఉరుము కావాలి. అన్నిటికన్నా, అది ఆ కొత్త బడిలో ఏ మూల ఒంటరిగా నిలబడిందో అన్న బెంగ పిచ్చుకను తినేసేది.

ఉరుము అప్పుడప్పుడు ఫోన్ చేసేది.

"బాగానే ఉన్నానే. ఇక్కడ నాకు..."

"నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధాలాడకు."

"అది కాదే. మీ క్లాసులోకొచ్చిన ఆ కొత్తమ్మాయి..."

"దాని మాటెత్తావంటే ఫోన్ పెట్టేస్తా."

పెట్టేసేది కూడా.

"సంచికి కూడా హాజరు వెయ్యమంటావా?" అని లెక్కల మేడం వెక్కిరించి చూసింది. పిచ్చుక పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మేడమే విసిగి ఊరుకుంది.

పదో తరగతి వాళ్ళ వీడ్కోలు సభ వచ్చింది. హాల్లోకి బెంచీలు మోసే చాకిరీ తొమ్మిదో తరగతి వాళ్ళదే. పిచ్చుక తన బెంచీని ఇంకొకర్ని ముట్టుకోనివ్వకుండా ఒక్కతే ఈడుస్తోంది. ఉన్నట్టుండి రెండో వైపు లేచింది. చూస్తే నిచ్చెన.

"నేను మోసుకోగలను."

"తెలుసు," అంటూనే మోసింది నిచ్చెన. మెట్ల దగ్గర బరువంతా తనవైపే వేసుకుంది.

థాంక్స్ అందామనిపించింది పిచ్చుకకు. అంటే ఉరుముకు ద్రోహం చేసినట్టవుతుందని మానేసింది.

పరీక్షల ముందు, చివరి క్లాసు రోజు, నిచ్చెన మళ్ళీ వచ్చి నిలబడింది.

"ఇవాళ ఒక్క పీరియడు కూర్చోనా?"

పిచ్చుక చెయ్యి సంచి మీదికి వెళ్ళింది. తీయబోయింది కూడా. ఇంతలో వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఏడాది పంతం, అందరి ముందూ ఎలా వదులుతుంది?

"వచ్చే ఏడాది చూద్దాంలే."

"సరే," అని నవ్వింది నిచ్చెన. వెనక్కి వెళ్ళిపోయింది.

పరీక్షలయ్యాక సెలవుల్లో ఉరుము పిచ్చుక వాళ్ళింటికి వచ్చింది. గుమ్మంలోనే ఒకర్నొకరు వాటేసుకుని కాసేపు ఏడ్చారు, కాసేపు నవ్వారు.

"నీ సీట్లో పురుగును కూడా వాలనివ్వలేదు, తెలుసా?" అంది పిచ్చుక గొప్పగా.

ఉరుము నవ్వు ఆగిపోయింది.

"అదేంటే? ఆ అమ్మాయి నీ పక్కనే కూర్చుంటోందనుకున్నా. ముందు తనని పిలువు. చూడాలి నేను."

"ఎక్కణ్ణుంచి పిలవను? వాళ్ళ నాన్నకు మళ్ళీ బదిలీ అయింది. మొన్ననే వెళ్ళిపోయారు. అయినా దానితో నీకేం పని?"

ఉరుము గడప మీద కూలబడింది.

"మొదటి రోజు అక్కడ నాక్కూడా సీటు లేదే. ఒక్క చోటే ఖాళీ. అక్కడో పిల్ల అచ్చం నీలాగే పక్కన సంచి పెట్టుకుని కూర్చుంది. వెళ్ళిపోయిన స్నేహితురాలి సీటట, ఎవరికీ ఇవ్వదట. రోజంతా గోడకానుకుని నిలబడ్డాను. మర్నాడు వెళ్ళేసరికి తనే సంచి తీసేసి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఏడాదంతా తనే నాకు తోడు."

"రాత్రికి రాత్రి ఎలా మారిందే మనసు?"

"ఆ స్నేహితురాలే ఫోన్ చేసిందట. 'ఇక్కడొకమ్మాయి ఖాళీ సీటు చూసుకుని ఏడుస్తోంది. తన స్నేహితురాలు అక్కడ నిలబడే ఉంటుంది. నా సీటు ఆ పిల్లకిచ్చెయ్' అందట."

"ఎవరే ఆ స్నేహితురాలు?" అడిగింది పిచ్చుక, తనూ గడప మీద చతికిలబడుతూ.

"ఇంకెవరే? మేం ఖాళీ చేసిన ఇంట్లోకి వచ్చినమ్మాయి."