నలభై తెరక్ మొక్కలు

"ఆగండాగండి! నిచ్చెన కింద రాయి పెట్టారా?"

చేతికంటిన పిండి కూడా దులుపుకోకుండా గోడ దగ్గరికి పరిగెత్తింది మస్తురా.

నిచ్చెన మీదున్న తుర్గున్ మేస్త్రి కిందికి చూసి నవ్వాడు. "చెల్లెమ్మా, పొద్దున్నుంచి ఈ నిచ్చెనకి నువ్వు పెట్టించిన రాళ్లతో ఇంకో గది లేపొచ్చు."

వాకిట్లో ఉన్న ఇరవైమంది మగాళ్లూ గొల్లుమన్నారు. ఆ రోజు మస్తురా ఇంట్లో హషర్. ఊళ్లో ఎవరు ఇంటికి కప్పు వేసుకున్నా ఇంటికొకరు వచ్చి చెయ్యి వేస్తారు, కడుపునిండా ఓష్ పులావు తిని వెళతారు. కూలి మాట ఎవరూ ఎత్తరు.

మస్తురా నెల రోజుల్నుంచి ఈ రోజు కోసమే కూడబెడుతోంది. వాన పడితే కప్పడానికి పట్టాలు అడిగి తెచ్చింది. వేళ్లు తెగితే కట్టడానికి పాత గుడ్డపీలికలు ఉడకబెట్టి ఆరేసింది. ఎవరూ రారేమోనని ఒకరోజు ఏడ్చింది, మరీ ఎక్కువమంది వస్తే బియ్యం చాలవేమోనని ఇంకోరోజు ఏడ్చింది.

పాత ఇంటిని ఆనుకుని రెండు కొత్త గదులు. గోడలు ఆకురాలే కాలంలోనే లేచాయి. ఇప్పుడు దూలం ఎక్కాలి.

ఆ దూలం కాలవ గట్టున ఇంటికప్పు కలప కోసం ఆమె తన చేత్తో నాటిన నలభై తెరక్ మొక్కల్లో ఒకటి. నాటిన రోజున ఆమె పచ్చి బాలింత. నడుముకి గుడ్డ బిగించుకునే పార పట్టింది. "నీకు మతిపోయిందే! ఎవరన్నా చూస్తే నవ్విపోతారు," అని అత్తగారు గుమ్మంలోంచి అరిచింది. మొగుడు మాత్రం వచ్చి రెండో పార అందుకున్నాడు. ఆయన పోయి పదేళ్లు. తొమ్మిది చెట్లు పురుగు తినేసింది, రెండింటిని గాలి పడగొట్టింది. మిగిలిన వాటి మొదళ్లకి ఏటా సున్నం పూసి, ఆకాశం ఉరిమినప్పుడల్లా కిటికీ పట్టుకుని నిలబడి, తాడిచెట్ల ఎత్తుకి పెంచింది.

పొయ్యి పక్కన హాసియత్, నసీబా కేరట్లు తరుగుతున్నారు. హాసియత్ పక్కింటావిడ. నసీబా మస్తురా తొలిచూలు కూతురు, బళ్లో లెక్కలు చెబుతుంది.

"కొడుకు పుడితే కప్పు నాటాలి, కూతురు పుడితే పెళ్లికి పరుపులు కుట్టాలి అని మా అమ్మ ఊరికే అనలేదు," అంది హాసియత్. "ఎల్యోర్ అదృష్టవంతుడు. ఏమే నసీబా, నీ పరుపులెన్నయ్యాయి?"

"పద్నాలుగు, అత్తా."

"పద్నాలుగే! మరి పరుచుకునే చోటు కూడా చూసుకో."

"అమ్మ చూస్తుందిలే," అంది నసీబా తలెత్తకుండా.

మస్తురా ఆ మాటలు వినే స్థితిలో లేదు. పోయిన వసంతంలో సైన్యం నుంచి తిరిగొచ్చిన ఇరవయ్యేళ్ల కొడుకు ఎల్యోర్ వాసాల బెరడు చెక్కుతున్నాడు. వాడి మొహం వంక చూడటం ఆమెకిది వందోసారి.

"ఏంటమ్మా అలా చూస్తావ్? నిచ్చెనెక్కినా పడిపోనులే."

"పడతావని కాదురా..." అంటూ వాడి కాళ్ల దగ్గరి బెరడు ఏరసాగింది.

మేస్త్రి దిగొచ్చి, దూలాన్ని గొడ్డలి వెనకవైపుతో తట్టడం మొదలుపెట్టాడు. మస్తురా దగ్గరికి జరిగింది. అంత పొడుగు మాను ఇంకోటి లేదు. లోపల పుచ్చుంటే? ఇంతమంది ముందు పొట్టు రాలితే? అత్తగారి అరుపు సమాధిలోంచి లేచొచ్చి మళ్లీ వినపడదూ?

టక్. టక్. టక్. నడిమధ్యకొచ్చి మేస్త్రి ఆగాడు. వంగి, మానుకి చెవి ఆనించాడు.

"ఏమైంది అన్నా? పుచ్చిందా? నాకు తెలుసు, నాకు ముందే తెలుసు..."

"నువ్వు నోరు మూస్తే కదమ్మా, వినపడేది!"

మళ్లీ తట్టాడు. మొదలు దగ్గర కూర్చుని వలయాలు లెక్కపెట్టాడు. లేచి టోపీ సవరించుకున్నాడు.

"ఇరవై నాలుగేళ్లు కాపలా కాశావు చెల్లెమ్మా. గంటలా మోగుతోంది. ముప్పై ఏళ్లుగా కప్పులేస్తున్నా, ఇలాంటి దూలం రెండోది చూళ్లేదు. వందేళ్లు దీనికి ఢోకా లేదు."

మగాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి మానుని నిమిరి చూశారు. "మా ఇంటిది దీని ముందు అగ్గిపుల్ల," అన్నాడు ఒక ముసలాయన. మస్తురా వంగిన నడుం ఎన్నేళ్లకో నిటారైంది. అంతలోనే దిష్టి గుర్తొచ్చి, ఇసిరిక్ ఆకుల పొగ పట్టుకొచ్చి దూలం చుట్టూ తిప్పింది. మేస్త్రి మూడుసార్లు తుమ్మాడు.

"నీ భయం మండ! దిష్టి పోయిందో లేదోగాని నా ఊపిరి పోయేలా ఉంది."

నవ్వులయ్యాక, ఆయన పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తెప్పించాడు.

"ఎత్తే ముందు ఇంటి యజమాని పేరు రాయాలి. రారా ఎల్యోర్. నిదానంగా రాయి, వందేళ్లు చదవాల్సిన పేరు."

ఇరవైమందీ చేతులు దులుపుకుని దగ్గరికొచ్చారు. హాసియత్ కత్తి కింద పెట్టింది. "కొడుకంటే ఇలా ఉండాలి, మారాణివి మస్తురా!"

ఎల్యోర్ కాయలు కాచిన అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఒక్కసారి తల్లి వైపు చూశాడు. పొద్దున్నుంచి నిచ్చెనకీ, వానకీ, పురుగుకీ అరిచిన మనిషి, ఉన్న భయమంతా ఈ ఒక్క క్షణం కోసమే దాచుకున్నట్టు, తలమీది రుమాలు కొస పళ్ల మధ్య బిగించి నిలబడింది.

ఎల్యోర్ బొగ్గుముక్క అందుకుని అక్క నసీబా పేరు రాశాడు.