భివండి దారి లెక్క

"నాందేడ్ మీంచి పోతే డీజిల్ తక్కువైతది. షోలాపూర్ మీంచి పోతే రోడ్డు మంచిగుంటది," అన్నాడు నరేందర్, నోట్‌బుక్‌లోంచి తలెత్తకుండానే.

"మూడు నెలల సంది గీ లెక్కలే జెప్తున్నవు కొడుకా. భివండిల మా అక్క మొఖం సూపిస్తవా, లేదా?" అడిగింది కౌసల్యమ్మ.

లీటరు లెక్క తేలకుండా కారు తీయడానికి నరేందర్ ఏమన్నా తెలివితక్కువవాడా? మైలేజీని మళ్లీ భాగించాడు.

గేటు చప్పుడైంది. చంకలో సంచితో భివండి పెద్దమ్మ!

"ఎట్లొచ్చినవే అక్కా?"

"ఎట్లొస్తరు? ఆడ బస్సెక్కిన, ఈడ దిగిన."

నరేందర్ గబుక్కున నోట్‌బుక్ వీపు వెనక దాచాడు.

"తొగుటల మన తమ్ముడున్నడు గద. గీ పక్కకేనాయె, రేపు కారుల తీస్కపోతవా బిడ్డా?"

"గదెంత పని పెద్దమ్మా!" అన్నాడు నరేందర్.

వీపు వెనక వేళ్లు మాత్రం అప్పుడే కొత్త పేజీ తిప్పుతున్నాయి.